నాలుగో చోటు అడుగు మట్టి

మా ఊరి డేములో గాలిమరలు పాతుతారట అన్న కబురు వచ్చేసరికి మా ఇంట్లో పాత చోళ్లు, అదే రాగులు, గంపలో సగానికి దిగిపోయాయి. దానికీ దీనికీ ఏం సంబంధమని ఎవరైనా అడగొచ్చు. ఆ వేసవంతా నాకు ఈ రెండు సంగతులు తప్ప మూడో సంగతి లేదు.

ముందు ఊరి గురించి చెప్పాలి. అరకులోయ నుంచి బస్సులో కొంత, జీపులో కొంత, ఆ తర్వాత కాళ్లను నమ్ముకుని కొంత వస్తే మా ఊరు. ఒడిశా సరిహద్దు మా పెరడు లాంటిది. కరెంటు కోసం కొండల మధ్య నదికి అడ్డంగా ఎప్పుడో ఆనకట్ట కట్టారు. మా తాతల పొలాలు అడుగుకి పోయాయి, మేం ఒడ్డుకి వచ్చాం. నిండినప్పుడు ఆ జలాశయం ఎంత పెద్దదంటే, అవతలి ఒడ్డున మనిషి కనిపించడు, వాడు వేసుకున్న పొయ్యి పొగ కనిపిస్తుంది. మా వాళ్లు దాన్ని డేము అనే అంటారు. ఆ నీళ్లతో పుట్టిన కరెంటు పక్కనే ఉన్న మా ఊరికి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ కథ ఇప్పుడు వద్దు. మొదలుపెడితే నాకు కోపం ఆగదు.

నా తమ్ముడు ఆ నీళ్లలో చేపలు పట్టేవాడు. చదువంతా నాకే వదిలేసి వాడు వల పట్టుకున్నాడు. నేను అరకులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. సెలవులకి వచ్చినప్పుడల్లా “పంతులమ్మా, సేపకి ఎన్ని ముల్లులుంటాయో సెప్పు” అని ఏడిపించేవాడు. ఆ వేసవికి ముందు భాద్రపదంలో ఒక మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి పడవలో వస్తుండగా, రెండు కొండల సందులోంచి ఒక్కసారిగా గాలి దిగి పడవని తిరగేసింది. వెనక పడవలో మావయ్య ఉన్నాడు. వరసకి మావయ్య, మా అమ్మకి చిన్నాన్న కొడుకు. ఆయన కళ్లముందే వాడు ఒకసారి తేలి, చెయ్యెత్తి, మునిగిపోయాడు. పడవ దొరికింది. వల దొరికింది. వాడు దొరకలేదు. పట్నం నుంచి రబ్బరు పడవలో మనుషులొచ్చారు, తిరిగారు, అక్కడ పాత నది లోయ ఉంది, లోతు చాలా ఎక్కువ, అడుగున మునిగిన చెట్లున్నాయి, చిక్కుకుని ఉంటాడు అని చెప్పి వెళ్లిపోయారు.

మా వంశంలో చావుకి ఒక పద్ధతుంది. ఇంట్లో పోయినవాళ్లకి ఊరి పైన వంశం రాళ్ల పక్కన ఒక రాయి నిలబెడతారు. బయట పోయినవాళ్లుంటారు కదా, చెట్టు మీంచి పడినవాళ్లు, ఎలుగుబంటి చంపినవాళ్లు, కూలికి పోయి పరాయి ఊళ్లో చచ్చిపోయినవాళ్లు, వాళ్లకి ఊపిరి పోయిన చోట నుంచి గుప్పెడు మట్టి తేవాలి. శవం దొరికినా దొరక్కపోయినా మట్టి మాత్రం రావాలి. ఆ మట్టి రాయి కింద పెడితే మనిషి ఇంటికి వచ్చేసినట్టు. అంతవరకూ ఆ ఇంటి చావు పూర్తి కాదు. పూర్తి కానంతకాలం ఇంటి పెద్ద కొత్తది ఏదీ తినకూడదు. కొత్త అంటే ఆ ఏడు పండినది. చిక్కుడైనా, సామలైనా, చోళ్లైనా, మామిడికాయైనా, ఊరంతా పండగ చేసుకుని దేవతకి పెట్టి నోట్లో వేసుకునేది ఏదైనా సరే. నాన్న ఎప్పుడో పోయాడు. ఇంటి పెద్ద మా అమ్మ.

నాకు ఆ నియమం లేదు. ఉన్నా నేను పాటించేదాన్ని కాదు.

స్కూలు మానేసి ఇంటికొచ్చి చూసేసరికి అమ్మ సగమైపోయింది. పాత చోళ్లు విసురుకుని అంబలి కాచుకుని, ఉప్పు కలుపుకుని తాగుతోంది. ఉప్పుకి కొత్తా పాతా లేదట, అది ఒక్కటి కలిసొచ్చింది. ఏ కూర వండినా నాకే పెట్టేది. కోటా బియ్యం విషయంలో మా ఇద్దరికీ పెద్ద తగువయింది.

“కోటా బియ్యం కొత్తవి కావే అమ్మా! గోడౌన్లలో ముక్కి, పురుగు పట్టి వస్తాయి. నాకంటే పాతవి” అన్నాను.

“ఎవులు సూసినారు? సంచి మీద రాసుంటదేటి?” అంది.

“చచ్చిపోతావు.”

“పాతయి ఉన్నాయి కదే గుంటా, గంపలో.”

గంప వైపు చూడడం నాకు అప్పటి నుంచే అలవాటయింది. పొద్దున్న లేచి ముఖం కడుక్కోకముందే గంప మూత తీసి చూసేదాన్ని. అమ్మకి తెలియకుండా అందులో సంతలో కొన్న చోళ్లు కలిపేద్దామని కూడా అనుకున్నాను. కానీ అమ్మ చోడిగింజని వేళ్ల మధ్య నలిపి ఏ ఏటిదో చెప్పగలదు. పైగా తెలిస్తే ఆ గంప మొత్తం పారబోస్తుంది. నాకు ధైర్యం చాలలేదు.

అలాంటి రోజుల్లో సర్వే వాళ్లొచ్చారు.

పెద్ద ఇంజనీరు విశాఖపట్నం వైపు అబ్బాయి, నా తమ్ముడి ఈడే. ఒడ్డున గుడారాలు వేసుకున్నారు. సముద్రంలో పాతే గాలిమరల్ని ఇలాంటి పెద్ద జలాశయంలో పాతొచ్చా, పాతితే ఎక్కడ పాతాలి అన్నది వాళ్ల పని. ఆనకట్ట దగ్గర కరెంటు లైన్లు ముందే ఉన్నాయి, కొండల సందుల్లో గాలి ఉంది, నీళ్ల మీద ఎవరికీ పట్టా లేదు. అందుకని ఈ ఆలోచన ఎవరికో వచ్చింది. మా వాళ్ల మాటా తెలుగూ రెండూ వచ్చిన మనిషి కావాలంటే ఊళ్లో నన్ను చూపించారు.

మొదటి రోజు నా పని పడవవాళ్లని ఒప్పించడం. వాళ్లు ససేమిరా అన్నారు. ఇంజనీరు గాలిమర బొమ్మ చూపించాడు కదా, అది వాళ్ల కళ్లకి ఫ్యానులా కనిపించింది. ఇంట్లో ఫ్యాను తిరిగితే గాలి వస్తుంది, అంత పెద్ద ఫ్యాను తిరిగితే ఎంత గాలి రావాలి?

“ఉన్న గాలి సాలదేటి? ఇంకా గాలి పుట్టిత్తారా? మిగిలిన పిల్లాగుంటల్ని కూడా ముంచడానికా?” అన్నాడు మావయ్య.

ఇంజనీరు నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. మర గాలిని పుట్టించదనీ, ఉన్న గాలినే కొంత మింగుతుందనీ నేను విడమరిచి చెప్పాను. మింగుతుందన్న మాట వాళ్లకి నచ్చింది. మావయ్య తన పడవ ఇచ్చాడు.

మర్నాడు ఇంజనీరు లాప్‌టాప్‌లో డేము మ్యాపు చూపించాడు. దాని మీద ఆకుపచ్చ ముద్దలు, ఒక్కో ముద్దకీ ఒక అంకె. మరలకి పనికొస్తాయని దూరం నుంచి చూసి ఎంచుకున్న చోట్లు అవి. ఇక వాటిని ఒక్కొక్కటే జల్లెడ పడతారు. ముందు గాలి చూస్తారు. తర్వాత లోతు. తర్వాత ఊళ్లకి ఎంత దూరం, పడవల దారికి అడ్డమా, పక్షులు దిగే చోటా అన్నవి. జల్లెడలో మిగిలిన చోట్లలో చివరికి అడుగు మట్టి తీస్తారు, స్తంభం నిలబడే మట్టో కాదో చూడాలి కాబట్టి.

“అడుగు మట్టా?” అన్నాను.

“అవును మేడమ్. గ్రాబ్ అని ఉంటుంది.” గుడారం మూల చూపించాడు. రెండు ఇనప గిన్నెలు ముఖాముఖి అతికించిన పరికరం. నోరు తెరుచుకుని నీళ్లలోకి దిగుతుంది, అడుగు తగలగానే నోరు మూసుకుంటుంది, పైకి లాగితే మట్టి పట్టుకొస్తుంది.

లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. మ్యాపు మీద కొండల సందు వెతికాను. మా తమ్ముడు మునిగిన చోటు పైన ఆకుపచ్చ ముద్ద ఉంది. దాని అంకె నాలుగు.

ఆ రోజు నుంచి నా ప్రాణమంతా నాలుగు మీదే. పిల్లలకి మార్కులేసే రోజుల్లో ఏ పిల్లాడూ పాసవ్వాలని ఇంతగా కోరుకోలేదు. నాలుగు జల్లెడలో నిలబడాలి. చివరిదాకా నిలబడితే వాళ్లే, ఎవరూ అడగకుండానే, తమ పనిలో భాగంగా అక్కడి మట్టి తీస్తారు. అందులోంచి నాకు గుప్పెడు చాలు. ఇంజనీరుకి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే నన్ను పిచ్చిదానిలా చూస్తాడనీ, పని నుంచి తీసేస్తాడనీ భయం.

గాలి కొలవడానికి పొడవాటి గొట్టం చివర చిన్న చిన్న గిన్నెలు గిరగిరా తిరిగే పరికరం ఉంది. లంకల మీదా, పడవ మీదా నిలబెట్టి చూసేవారు. మిగతా నెలల సంగతి ఉపగ్రహాలు చెబుతాయట. కొన్ని చోట్ల గిన్నెలు బద్ధకంగా తిరిగాయి, ఆ ముద్దలు మ్యాపు మీద ఎర్రబడ్డాయి. నాలుగు దగ్గరికి మధ్యాహ్నం వెళ్లాం. సందులోంచి గాలి దిగింది. గిన్నెలు కనిపించకుండా తిరిగాయి. మావయ్య పడవని నిలపలేక తెడ్డు వేస్తూ తిట్టుకుంటున్నాడు.

“ఇదీ గాలంటే! డేము మొత్తంలో ఇంత గాలి ఎక్కడా లేదు మేడమ్!” అని అరిచాడు ఇంజనీరు.

నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను. నాలుగు పాసయిపోయింది, అన్నిటికంటే మొదటి ర్యాంకు. ఆ చప్పట్ల మధ్యలో మావయ్య నా వైపు చూశాడు. అప్పుడు తట్టింది నాకు, నేను దేనికి మురిసిపోతున్నానో. నా తమ్ముడి పడవని తిరగేసిన గాలి అది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒడ్డు చేరేదాకా తలెత్తలేదు. ఛీ అనిపించింది నా మీద నాకే. అయినా లోపల ఎక్కడో నాలుగు నిలబడిందన్న సంతోషం పోలేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి, అదే భరించలేకపోయాను.

మామిడి పండగ వచ్చింది. ఊరంతా కొత్త మామిడికాయ తిన్నారు. అమ్మ గుమ్మంలో కూర్చుని పిల్లలు తింటుంటే చూసింది. చోళ్లు గంప అడుగుకి వచ్చాయి. అమ్మ అంబలి పలచన చేసింది, తర్వాత పూటలు తగ్గించింది. నేను కేకలేశాను, బతిమాలాను, ఒకసారి గిన్నె విసిరేశాను. “నీ కొడుకు ఉంటే నిన్నిలా ఉండనిచ్చేవాడా?” అని అడిగాను.

“ఉంటే కొత్త తినీదాన్నే కదే” అంది.

నేను గంప మూత తీసి మళ్లీ చూశాను.

లోతు కొలిచే వారం వచ్చింది. చిన్న డబ్బా పడవ పక్కన నీళ్లలో వేలాడదీస్తారు, అది అడుగుకి శబ్దం పంపి లోతు చెబుతుంది. లాప్‌టాప్‌లో అడుగు గీతలా కనిపిస్తుంది. ఒడ్డు దగ్గర గీత మెల్లగా దిగింది. మునిగిన గట్లు, మొద్దులు తెలిశాయి. ఒకటీ, మూడూ, ఆరూ బాగున్నాయన్నాడు. నాలుగు దగ్గరికి వచ్చేసరికి గీత ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. గోడ దిగినట్టు దిగింది. ఇంకా దిగింది. నేను మనసులో ఆగు, ఆగు అనుకుంటూనే ఉన్నాను. అది పాత నది. నది ఎక్కడ ఆగుతుంది?

ఇంజనీరు నాలుక చప్పరించాడు. “అయ్యో, ఇంత మంచి గాలి ఉండి! ఇంత లోతులో స్తంభం పాతలేం మేడమ్. తేలే మరలు పెడదామన్నా లంగరు వేయడానికి ఈ గోడలు ఒప్పుకోవు.” అక్కడే, పడవలోనే, వేలితో నాలుగుని తాకాడు. ఆకుపచ్చ ముద్ద ఎర్రగా మారింది.

ఎంత తేలిగ్గా మారిందో! నేను వారాల తరబడి ప్రాణం పెట్టుకున్నది ఒక్క వేలితో పోయింది.

ఒడ్డుకి వచ్చాక ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను. తమ్ముడు, మట్టి, రాయి, గంప. ఆ అబ్బాయి అంతా విన్నాడు. తర్వాత నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. పనికిరాదన్న చోట మట్టి తీయడానికి అనుమతి లేదు. గ్రాబ్ తాడు అంత పొడవు లేదు. గాలి సందులో పడవ నిలపడం ప్రమాదం, ఏదైనా అయితే తన ఉద్యోగం పోతుంది. “పక్కన మూడో చోటు మట్టి తీస్తాం కదా మేడమ్, అదీ ఈ డేము మట్టే. అందులోంచి ఇస్తాను, అమ్మగారికి తెలియదు కదా” అన్నాడు.

మంచికే అన్నాడు. కానీ నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టకుండా ఇంటికొచ్చేశాను. దారిలో మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే, అమ్మకి తెలియదు. మూడో చోటు మట్టి తెచ్చి ఇదే అంటే ఆ పూటే కొత్త మామిడి తింటుంది, బతుకుతుంది. గుమ్మంలోకి వచ్చేసరికి ఇంచుమించు నిశ్చయించుకున్నాను కూడా. లోపల అమ్మ గంపని బోర్లించి అడుగున తడుతోంది. రాలిన గింజలు అరచేతిలోకి తీసుకుని ఊదుతోంది.

“మట్టి తీత్తారా ఆళ్లు?” అని అడిగింది.

మావయ్య చెప్పాడన్నమాట. ఇన్నాళ్లూ ఆశపెట్టుకుందన్నమాట, నాలాగే, నాకు చెప్పకుండా. ఆ మనిషికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“తీయరు. అక్కడ లోతట. మర పెట్టరట” అన్నాను.

అమ్మ ఆ గింజల్ని కూడా వండుకోలేదు. కొంగుకి కట్టుకుంది. ఆ పూట నుంచి వట్టి నీళ్లు.

ఎన్ని పూటలు గడిచాయో చెప్పలేను. నాకు రోజులు కలిసిపోయాయి. ఒక పొద్దున్న లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. నడిచే ఓపిక లేని మనిషి ఎక్కడికి పోతుంది? నాకు ముందు తోచింది నీళ్లే. పరుగెత్తాను. ఒడ్డున, సర్వే గుడారం ముందు, ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ఇంజనీరు టీ గ్లాసు పట్టుకుని దిక్కుతోచకుండా నిలబడ్డాడు.

“ఏమంటున్నారో అర్థం కావడం లేదు మేడమ్” అన్నాడు నన్ను చూసి.

అమ్మ ఈసారి మా వాళ్ల మాటలో కాదు, తనకొచ్చిన సంత తెలుగులోనే మొదలుపెట్టింది.

“బావూ, నువ్వు మర ఎట్టొద్దు. మర నాకెందుకు? నీ ఇనప నోరు ఒక్కపాలి అక్కడ దింపు. నువ్వు ఏ సోటు మంచిదో, ఏ సోటు కాదో సూడ్డానికే కదా వచ్చినావు. నా గుంటడున్న సోటు మంచిది కాదు. అదే రాసుకో. కానీ సూసి రాసుకో.”

ఆ అబ్బాయి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నాతో అన్నాడు, అమ్మ వైపు చూడకుండా. “డేములో అన్నిటికంటే ఎక్కువ గాలి ఉన్న చోటుని ఎందుకు వద్దన్నారని పైవాళ్లు ఎలాగూ అడుగుతారు. లోతు ఒక్కటే చెబితే చాలకపోవచ్చు. అడుగు కూడా చూశామంటే మంచిదే.” గ్రాబ్ తాడు చుట్ట వైపు చూపించి, “పొద్దున్నే గాలి లేవకముందు వెళ్లి వచ్చేయాలి. తాడు సంగతి మీరే చూసుకోవాలి” అన్నాడు.

తాడు సంగతి మావయ్య చూసుకున్నాడు. అడ్డతీగ నార దంచి పేనిన మోకులు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వాళ్ల నైలాను తాడుకి వాటిని ఒకదానికొకటి ముడేసి తడిపి లాగి చూశాడు. ఇంజనీరు ఆ ముళ్లని అనుమానంగా తడిమి చూశాడు. అమ్మ పడవ ఎక్కనంది. అడ్డాకు దొప్ప ఒకటి కుట్టి నా చేతికిచ్చింది. మట్టి అందులోనే తేవాలంది.

మర్నాడు పొద్దున్న నీళ్లు కదలకుండా ఉన్నాయి. మావయ్య బోడికొండ మీది జీలుగు చెట్టూ, సందులోని పెద్ద రాయీ ఒకే వరసలో పడేలా పడవని నడిపించి, “ఇక్కడే” అన్నాడు. మళ్లీ తనే, “ఇక్కడో, ఇంకాస్త అవతలో. ఆ పూట నాను సూసింది ఆడి సెయ్యి, సెట్టు కాదు కదా” అన్నాడు. తెడ్డు అడ్డం పెట్టి పడవని ఆపాడు.

గ్రాబ్ దింపారు. తాడు దిగుతూనే ఉంది. నైలాను అయిపోయి మా మోకు మొదలైంది. ముళ్లు ఒక్కొక్కటే పడవ అంచు మీంచి జారి నీళ్లలోకి పోయాయి. చివరికి తాడు వదులయింది, అడుగు తగిలింది. లాగారు. నోరు మూసుకునే వచ్చింది, తెరిస్తే వట్టి నీళ్లు. మళ్లీ దింపారు. ఈసారి నల్లటి చెట్టుకొమ్మ ముక్క ఒకటి ఇరుక్కుని, నోరు సగం తెరిచే ఉంది. మునిగిపోయిన ఏ అడవిదో అది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. వాడిని పట్టుకున్న కొమ్మ ఇదేనేమో అనిపించింది. అంత చిన్న కొమ్మ మనిషినేం పట్టుకుంటుందని మరో మనసు అంది.

సందు వైపు నీళ్లు గరుకెక్కడం మొదలైంది. “గాలి లేస్తోంది, ఇక వెళ్లిపోదాం మేడమ్” అన్నాడు ఇంజనీరు.

“ఇంకొక్కసారి” అన్నాను.

“పడవ జరిగిపోయింది. ఇప్పుడు మనం సరిగ్గా అక్కడ లేం.”

“ఇంకొక్కసారి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను.” నిజంగానే వంగాను. పడవ ఊగింది. మావయ్య నన్ను కసిరి కూర్చోబెట్టి తెడ్డుతో పడవని వెనక్కి కుమ్మాడు. చెట్టూ రాయీ మళ్లీ ఒక వరసలోకి వచ్చాయి. ఇంజనీరే తాడు వదిలాడు. ఈసారి లాగడానికి ముగ్గురం పట్టాం. మోకు తడిసి అరచేతులు కోసుకుపోయాయి. గ్రాబ్ పైకి వచ్చింది, నోరు గట్టిగా బిగిసి ఉంది. పడవలో తెరిస్తే నల్లటి మట్టి, మెత్తగా, చల్లగా. ఎండ ఎన్నడూ తగలని చల్లదనం అది. ఇంజనీరు తన ప్లాస్టిక్ కవరులోకి కాస్త తీసుకున్నాడు, మిగతాదంతా నా వైపు జరిపాడు. రెండు చేతులా తీసి దొప్పలో పెట్టాను. ఒడ్డు చేరేదాకా గాలి మా వెనకే తరుముకొచ్చింది.

అమ్మ నీళ్ల అంచున నిలబడి ఉంది. దొప్ప అందుకుంది. నేను భయపడుతూనే చెప్పాను. “పడవ కాస్త జరిగిందమ్మా. సరిగ్గా అదే చోటో, కాస్త పక్కనో.”

అమ్మ మట్టిని వేళ్లతో కదిపింది, చోడిగింజని నలిపినట్టే నలిపింది. “అంతలోతు దిగినోడు ఒక్కసోటే ఉంటాడేటే” అంది. దొప్పని రొమ్ముకి అదుముకుని ఊరి వైపు నడిచింది. రవిక ముందంతా నల్లటి నీళ్లు కారాయి.

సర్వే వాళ్లు కొన్నాళ్లకి గుడారాలు ఎత్తేశారు. ఒకటీ, ఆరూ పనికొస్తాయని రాశారట. మరలు వస్తాయో రావో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. వాళ్ల మ్యాపులో నాలుగు ఎర్రగానే ఉండిపోయి ఉంటుంది.

వంశం రాళ్ల దగ్గర నాన్న రాయి పక్కన గుంట తీసి మట్టి పెట్టి, దాని మీద చిన్న రాయి నిలబెట్టాం. అమ్మ కొంగుకి కట్టుకున్న పాత చోడిగింజలు విప్పి రాయి ముందు పోసింది. ఊరి పెద్దలు చేయాల్సినవి చేశారు. చావు పూర్తయింది. మామిళ్లు అప్పటికి అయిపోవచ్చాయి. చెట్టున మిగిలిన ఒక కాయ మావయ్య తెచ్చిచ్చాడు. అమ్మ కత్తిపీట మీద కోసి, మొదటి ముక్క రాయి దగ్గర పెట్టి, రెండో ముక్క తన నోట్లో పెట్టుకుంది. పులుపుకి కళ్లు మూసుకుంది. మెల్లగా నమిలి మింగింది. ఆ మింగడం చూడడానికి నేను ఆ ఏడంతా పరుగులు పెట్టాను.

తర్వాత నాకో ముక్క ఇచ్చింది.

ఆ ఏడు నేను కొత్తవన్నీ తిన్నాను. చిక్కుళ్లు, సామలు, మామిడి, అన్నీ అమ్మ కళ్లముందే తిన్నాను, నియమం నీకు గాని నాకేంటని వాదించాను. ఇప్పుడా ముక్క నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. గంప నిండుకుంటోందని పరుగెత్తాను, మట్టి కావాలని పరుగెత్తాను, నాలుగు నాలుగు అని కలవరించాను. పరుగెత్తినంతకాలం వాడిని తీసుకురావడానికే వెళుతున్నట్టుండేది. ఇక వెళ్లాల్సిన చోటు లేదు. వాడు రాడు. నా తమ్ముడు ఇక రాడు. అమ్మకి ఆ భాద్రపదంలోనే తెలిసిన సంగతి నాకు ఆ రాయి ముందు తెలిసింది.

“తిను గుంటా. అయిపోనాది కదా” అంది అమ్మ.

“తింటాను, అక్కడ పెట్టు.”

అమ్మ ముక్కని ఆకులో పెట్టి నా పక్కన ఉంచింది. మధ్యాహ్నమైంది, కింద సందులోంచి గాలి దిగి డేము మీద నీళ్లు గరుకెక్కాయి. అమ్మ లేచి దులుపుకుంది. నేను లేవకపోయేసరికి వెనక్కి తిరిగి చూసింది.

“బేగి రాయే. ఇంకా ఎవులి కోసం సూత్తన్నావు?” అంది.

నేను నీళ్ల వైపే చూస్తున్నాను.